అక్వేరియం అద్దం మీద గారకి 4 శాతం తెల్ల వెనిగర్, నా రివ్యూ

మాది హైదరాబాద్‌లో బోరు నీళ్ళు, బకెట్లకే తెల్లగా గార కట్టేస్తుంది, ఇంక 2 అడుగుల చేపల ట్యాంక్ సంగతి చెప్పక్కర్లేదు, నీళ్ళ గీత దగ్గర అద్దం మొత్తం పొగమంచు పట్టినట్టు అయిపోయింది. కిరాణా కొట్లో దొరికే మామూలు తెల్ల సింథటిక్ వెనిగర్ తెచ్చా, నిజంగా బాగా పనిచేసింది.

ముందు నీళ్ళు గార కింది దాకా దించేశా. టిష్యూ పేపర్ వెనిగర్‌లో తడిపి, చుక్కలు కారకుండా కొంచెం పిండి, మరకల మీద అంటించి 20 నిమిషాలు ఉంచా. ఆ తెల్లది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, ఆసిడ్ తగలగానే కరుగుతుంది. మొండిగా ఉన్నచోట మళ్ళీ అంటించి, తర్వాత కొత్త బ్లేడు పడుకోబెట్టి గీకా. మూలల్లో అద్దాలని అతికించే సిలికాన్ జిగురు దగ్గరకి మాత్రం బ్లేడు పోనివ్వొద్దు, లీకేజీ మొదలవుతుంది. యాక్రిలిక్ ట్యాంక్ అయితే బ్లేడు అసలు వద్దు, గీతలు పడిపోతాయి.

వెనిగర్ నీళ్ళలో ఎక్కువ పడితే పీహెచ్ పడిపోయి చేపలు ఇబ్బంది పడతాయి, అందుకే తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచాకే నీళ్ళు నింపా. బాత్రూమ్ ఆసిడ్లు, సబ్బులు దయచేసి వాడకండి, పాపం అవి నోరులేని జీవాలు.

ఆవిరైన నీళ్ళ వరకు ఇప్పుడు ఆర్‌ఓ నీళ్ళు పోస్తున్నా, గార చాలా తగ్గింది. వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీ తీసి పెట్టుకోండి. 5కి 4.5 ఇస్తా.