యేసును నమ్మని స్నేహితుడికి ఏది చెప్పాలి: ప్రార్థనతో స్వస్థత కలిగిందనే అద్భుత సాక్ష్యమా, యేసు చనిపోయి తిరిగి లేచాడనే పునరుత్థాన చరిత్రా?

శ్రమ: సాక్ష్యానికి ఐదు నిమిషాలు చాలు. చరిత్రకు చదువు కావాలి, ఓపిక కావాలి.

రిస్క్: సాక్ష్యానికే ఎక్కువ. "ప్రార్థన చేశారు, గడ్డ కరిగిపోయింది" అనగానే అతను అడిగేది స్కాన్ రిపోర్టు. మందులు వాడారా? మళ్లీ తిరగబెట్టిందా? 1748లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అడిగిందీ ఇంచుమించు ఇదే: అద్భుతం జరగడం కన్నా, చెప్పినవాళ్లు పొరబడి ఉండటమే ఎక్కువ సంభవం కాదా? ఫ్రాన్స్‌లోని పుణ్యక్షేత్రం లూర్దులో 1858 నుంచి వేలమంది స్వస్థత పొందామని చెప్పారు. కాథలిక్ చర్చి అద్భుతాలుగా ఒప్పుకున్నవి 70 పైచిలుకే. ఆ మాత్రం వడపోత లేకుండా చెబితే మన మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

చరిత్రలో కూడా వాదనకు చోటుంది. అయితే బైబిల్లో 1 కొరింథీయులు 15లో అపొస్తలుడు పౌలు, తిరిగి లేచిన యేసును చూసిన సాక్షుల్లో కొందరిని పేర్లతో చెప్పి, ఒకేసారి చూసిన ఐదు వందలమందికి పైగా ఉన్నవాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారంటాడు. పరిశీలించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఎవరికి ఏది: మీ నిజాయితీ ఏళ్లుగా ఎరిగినవాడికి సాక్ష్యం చెప్పండి, రిపోర్టులుంటే చూపండి. ఆధారాలడిగే కొత్త మనిషికి ముందు చరిత్ర. ఎంత ప్రార్థించినా బిడ్డ దక్కని తండ్రి దగ్గర మాత్రం స్వస్థత సాక్ష్యం ఎత్తకండి. పుండు మీద కారం చల్లినట్టే అవుతుంది.