న్యూ ఆర్లియన్స్ జాజ్ టూర్ బుక్ చేయబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

నిన్న రాత్రే హ్యూస్టన్ తిరిగొచ్చాం. బట్టలు ఇంకా సూట్‌కేసులోనే ఉన్నాయి. ఇది రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

నేను చెప్పేది ఎవరి గురించో మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిట్లోనూ ఒక రీల్ తిరిగింది కదా, ట్రంపెట్ పట్టుకుని వీధిలో పరుగెత్తే కుర్రాడు, కింద "12 మందికే, 3 గంటలు, జాజ్ పుట్టిన చోట్లన్నీ" అని. వాళ్ళే. పేరు రాయొద్దని మా ఆయన మరీ మరీ చెప్పారు, కార్డు కంపెనీలో డిస్ప్యూట్ నడుస్తోంది కాబట్టి. సరే, రాయను. అసలు నాకు ఆ పేరు టైప్ చేయాలంటేనే ఒళ్ళు మండుతోంది.

మనిషికి 55 డాలర్లు, నలుగురం. పైన ఏవో ఫీజులు కలిపి 248. ఫోన్ కవర్ కొనాలంటే నలభై రివ్యూలు చదివే మనిషిని, దీనికి మాత్రం 4.9 రేటింగ్ చూసి కళ్ళు మూసుకుని నొక్కేశాను. ఆ 4.9 ఎలా వచ్చిందో తర్వాత చెప్తాను. అదే అసలు కథ.

మా నాన్న ఇప్పుడు మా దగ్గర ఉన్నారు. పాలకొల్లు వైపు బ్యాండు మేళంలో ముప్ఫై ఏళ్ళు క్లారినెట్ వాయించారు. రెండేళ్ళ క్రితం నేను ఊరెళ్ళినప్పుడు యూట్యూబ్‌లో జార్జ్ లూయిస్ పాట పెట్టి చూపించాను. 1900లో న్యూ ఆర్లియన్స్‌లోనే పుట్టినాయన, ఓడరేవులో మూటలు మోస్తూ క్లారినెట్ వాయించేవాడు. నాన్న అది విని ఫోన్ నా చేతిలోంచి లాగేసుకున్నారు. "వీడి వేళ్ళు చూడు, మన పాత క్లారినెట్టే ఇది, మన మీటల వరసే" అని. నిజమే, అప్పటి అక్కడి వాళ్ళు చాలామంది వాయించింది ఆల్బర్ట్ పద్ధతి అనే పాత మీటల అమరికున్న క్లారినెట్, నాన్న మీరట్ నుంచి తెప్పించుకున్నదీ ఆ బాపతే. అప్పట్నుంచీ ఈయనకి అదే లోకం. అక్కడ శవయాత్రకి బ్యాండు ముందు నడుస్తుందనీ, వెళ్ళేటప్పుడు నెమ్మదిగా ఏడుపు పాట, వచ్చేటప్పుడు హుషారు పాట వాయిస్తారనీ తెలిశాక అయితే, "మనమూ చావులకి వాయించాం కానీ, వచ్చేటప్పుడు డబ్బులు లెక్కపెట్టుకుంటూ వచ్చేవాళ్ళం" అని ఒకటే నవ్వు.

వీసా వచ్చి ఇక్కడికి దిగిన మొదటి వారమే అడిగారు, ఆ ఊరు ఎంత దూరం అని. అయిదున్నర గంటలు అని చెప్పాను. ఆయనకి అదొక లెక్కా.

టూర్ పేజీలో ఏమేం ఉన్నాయో చదివి వినిపిస్తుంటే నాన్న ఒక కాగితం మీద తెలుగులో రాసుకున్నారు. కాంగో స్క్వేర్. స్టోరీవిల్. కార్నాఫ్‌స్కీ కొట్టు. ఈగిల్ సెలూన్ (క్షవరాల సెలూన్ కాదు, పాతకాలం బారు). నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. వీటన్నిట్లో ఆయన మనసు పడ్డది ఆ కొట్టు మీద. సౌత్ రాంపార్ట్ వీధిలో కార్నాఫ్‌స్కీ అనే యూదు కుటుంబం బట్టల దుకాణం అది. జాజ్‌లో అంత పేరుమోసిన ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నప్పుడు ఆ ఇంటివాళ్ళ బండి మీద తిరిగి పనిచేసేవాడు. తాకట్టు కొట్లో ఉన్న కార్నెట్ (ట్రంపెట్ లాంటిదే, కాస్త పొట్టిది) కొనుక్కోవడానికి అప్పిచ్చింది కూడా వాళ్ళే. నాన్నకి మొదటి క్లారినెట్ కొనడానికి డబ్బిచ్చింది కూడా ఊళ్ళో ఒక బట్టల కొట్టాయనే. అదీ ఆయన పట్టుదల వెనక సంగతి. పేజీలో ఆ ఇటుక మేడ ఫోటో పెద్దగా ఉంది.

ఇక శనివారం. చెప్పిన చోటికి పది నిమిషాలు ముందే చేరాం. పన్నెండు మంది అన్నారు కదా, మా ఆయన లెక్కపెట్టారు, 34. ఆ ఊళ్ళో నడక టూర్‌కి 28 మంది మించకూడదని రూలుందట, అది నేను ఇంటికొచ్చాక చదువుకున్నాను (అన్నీ ఇంటికొచ్చాకే చదువుతాను నేను). గైడ్ మెడలో బ్యాడ్జి లేదు. అక్కడ గైడ్లకి ఊరి లైసెన్సు ఉండాలి, అది కనపడేలా తగిలించుకోవాలి. ఎవరో అడిగితే "బ్యాగులో ఉంది" అన్నాడు. బ్యాగు మాకేమీ కనపడలేదు.

నడక మొదలవకముందే ఒక క్యూఆర్ కోడ్ ఉన్న అట్టముక్క తీశాడు. "ఇది స్కాన్ చేసి అయిదు నక్షత్రాలు ఇవ్వండి, చివర డ్రింకు ఫ్రీ." అందరూ ఫోన్లు తీశారు. నేనూ తీశాను. ఇంకా అడుగు కూడా వేయలేదు, ఏమీ చూడలేదు, అయిదు నక్షత్రాలు ఇచ్చేశాను. పైగా "సూపర్ గైడ్!" అని రాశాను కూడా. నా బుర్ర ఎక్కడ పెట్టుకున్నానో ఆ పూట.

తర్వాత గంటా ఇరవై నిమిషాలు. అందులో నలభై నిమిషాలు బార్లతో నిండిన బోర్బన్ స్ట్రీట్‌లో. ఒక బాల్కనీ చూపించి ఇదే స్టోరీవిల్ అన్నాడు. స్టోరీవిల్ అంటే ఒకప్పటి వేశ్యావాటిక, అది అక్కడ కాదు బాబూ, బేసిన్ స్ట్రీట్ అవతల. 1897 నుంచి 1917 దాకా నడిచింది, తర్వాత దాదాపు అంతా కూల్చేసి 1940 ప్రాంతంలో ప్రభుత్వ ఇళ్ళు కట్టారు. జాజ్ కచేరీలు జరిగే ప్రిజర్వేషన్ హాల్ ముందు నిలబడి, ఆర్మ్‌స్ట్రాంగ్ ఓనమాలు దిద్దుకున్నది ఇక్కడే అన్నాడు. ఆ హాలు తెరిచిందే 1961లో. అప్పటికి ఆయనకి అరవై ఏళ్ళు, ఉంటున్నది న్యూయార్కులో. బాగా ఆలస్యంగా దిద్దుకున్నట్టున్నాడు.

అన్నిటికంటే ఘోరం బడీ బోల్డెన్. జాజ్‌కి మూలపురుషుడంటారే, ఆయన. 1907లో పిచ్చాసుపత్రిలో చేర్చారు, 1931లో అక్కడే పోయాడు. ఆయన కార్నెట్ ఎలా మోగేదో విన్నవాళ్ళు చెప్పిన మాటలే గానీ ఒక్క రికార్డు కూడా మిగల్లేదు. మనవాడు జేబులోంచి ఫోన్ తీసి, "ఇప్పుడు బోల్డెన్ స్వయంగా వాయించింది వినండి" అని స్పీకర్ పెట్టాడు. నాన్న నా వైపు చూశారు. "రికార్డు లేదన్నారు కదమ్మా?" అని మెల్లగా. నేను గైడ్‌ని అడిగాను. "ఇప్పుడు డిజిటల్‌గా బయటికి తీశారు మేడమ్" అన్నాడు. చెవిలో పువ్వు పెట్టడమంటే ఇదే. మిగతా ముప్ఫై మంది తలలూపుతున్నారు.

కాంగో స్క్వేర్‌కి అసలు వెళ్ళనేలేదు. రాంపార్ట్ స్ట్రీట్ ఇవతల పేవ్‌మెంట్ మీంచి వేలు చూపించి, "ఆ పార్కులో ఉంది, లోపల సేఫ్ కాదు" అని ముందుకు సాగిపోయాడు. పట్టపగలు మూడింటికి. లోపల పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు.

ఆ తర్వాత మళ్ళీ బోర్బన్ స్ట్రీట్, ఒక బారు ముందు ఆపాడు. టూర్ అయిపోయిందన్నాడు. లోపల "లైవ్ జాజ్" అట, గిటార్లతో రాక్ పాటలు వాయిస్తున్నారు. ఫ్రీ డ్రింకంటే అరగ్లాసు బీరు. నాన్న తాగరు.

నాన్న ఊరుకోలేదు. జేబులోంచి ఆ కాగితం తీసి, మడతలు విప్పి, మూడో గీత మీద వేలు పెట్టి, తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగారు. "సార్, దిస్ షాప్? నౌ గోయింగ్?" గైడ్ ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, తలకిందులుగా పట్టుకున్నాడు. గుంపు వైపు పైకెత్తి చూపించి, "మా రెండేళ్ళ పాప కూడా అచ్చం ఇలాగే గీస్తుంది" అన్నాడు.

అందరూ నవ్వారు.

నాన్న కూడా నవ్వారు. అర్థమయ్యే నవ్వారు. రెండేళ్ళ పాప అన్న ముక్క తెలియనంత ఇంగ్లీషు రాని మనిషి కాదు. కాగితం కోసం చెయ్యి చాపి అలాగే నిలబడ్డారు. వాడు వెంటనే ఇవ్వలేదు, ఇంకొకావిడకి కూడా చూపించి అప్పుడిచ్చాడు. నేను ఆ కొట్టు పేరు చెప్పాను, మీ పేజీలో ఫోటో ఉంది అన్నాను. "ఓ, అదా! 2021లో ఐడా తుఫానుకి కూలిపోయింది కదా. ఖాళీ స్థలం చూడాలనుకుంటే ఊబర్ ఎక్కండి."

అంటే వాడికి తెలుసు. పేజీ పెట్టిన వాళ్ళకీ తెలుసు. 2021 ఆగస్టులో కూలిపోయిన మేడ ఫోటో ఇవాళ్టికీ పెట్టుకుని టిక్కెట్లు అమ్ముతున్నారు. తుఫాను వాళ్ళ తప్పు కాదు, ఒప్పుకుంటాను. ఆ జాగా దగ్గరికి తీసుకెళ్ళి, ఇక్కడ ఉండేది, పడిపోయింది అని చెప్పినా నాన్న చెప్పులు విడిచి దండం పెట్టుకుని వచ్చేవారు.

ఇప్పుడు నా ఘనకార్యం వినండి. అంతా అయ్యాక వాడు టోపీ చాపితే నేను ఇరవై డాలర్లు వేశాను. అవును. తిట్టాల్సింది పోయి టిప్పు ఇచ్చాను. నలుగురూ వేస్తుంటే చెయ్యి దానంతటదే పర్సులోకి వెళ్ళింది. కారులో మా ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అంటే బాగుండేది. నాన్నే "పోనీలే తల్లీ, ఊరు చూశాంగా" అన్నారు. కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టుకుని జేబులోనే పెట్టుకున్నారు.

ఆదివారం మేమే తిరిగాం, రూపాయి ఖర్చు లేకుండా అనను గానీ ఆ 248లో పదో వంతు కూడా కాలేదు. కాంగో స్క్వేర్‌లో పెద్ద ఓక్ చెట్ల కింద డప్పులు వాయిస్తున్నారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా వాళ్ళు ఆదివారాలు చేరి ఆడీ పాడీ వాయించుకున్న చోటు అది. 1817లో ఊరి పెద్దలు, గుమిగూడితే ఒక్క చోటే గుమిగూడండి అని చట్టం చేస్తే ఇదే ఆ చోటయింది. నాన్న అక్కడ గంట సేపు కూర్చున్నారు, తొడ మీద తాళం వేస్తూ. తర్వాత ఎస్ప్లనేడ్ అవెన్యూలో పాత టంకశాల మేడలో ఉన్న జాజ్ మ్యూజియం. ఆర్మ్‌స్ట్రాంగ్‌ని కుర్రప్పుడు తుపాకీ పేల్చినందుకు పెట్టిన పిల్లల హోమ్ ఉంది కదా, అక్కడ ఆయన నేర్చుకున్న కార్నెట్ అద్దంలో పెట్టారు. నాన్న ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగి, "మౌత్‌పీస్ అరిగింది చూడు" అన్నారు. సాయంత్రం సౌత్ రాంపార్ట్‌కి కూడా వెళ్ళాం. పెర్డిడో మూల మీద తలుపులు మూసేసిన ఈగిల్ సెలూన్ ఇంకా నిలబడే ఉంది. కార్నాఫ్‌స్కీ కొట్టు ఉన్నచోట ఖాళీ జాగా. నాన్న కాగితం తీసి రెండింటికీ టిక్కు పెట్టుకున్నారు.

ఇక డబ్బు సంగతి. బుకింగ్ సైటు వాళ్ళకి రాత్రే రాశాను. పొద్దున్నే జవాబొచ్చింది, ఆ వేగం చూసి సంతోషపడ్డాను కూడా. "టూర్ జరిగింది, మార్గం పరిస్థితులను బట్టి మారవచ్చని షరతుల్లో ఉంది. పైగా మీరే ఈ టూర్‌కి అయిదు నక్షత్రాలు ఇచ్చి 'సూపర్ గైడ్!' అని రాశారు, కాబట్టి రిఫండ్ కుదరదు." చదివి రెండు నిమిషాలు అలాగే కూర్చున్నాను. అర్థమైందా? ఆ అట్టముక్క రేటింగ్ కోసమే కాదు, రేపు మనం అడక్కుండా మన నోరు ముందే కుట్టేయడానికి. 4.9 వచ్చేది ఇలాగ.

కాబట్టి, తొందరగా నాలుగు మాటలు. టూర్ అవ్వకముందు రేటింగ్ ఎవరడిగినా ఇవ్వకండి, డ్రింకు కాదు బంగారం ఇస్తామన్నా సరే. గైడ్‌కి లైసెన్సు బ్యాడ్జి ఉందో లేదో మొదట్లోనే చూడండి, లేకపోతే అక్కడే వెనక్కి తిరగండి. పేజీలో ఉన్న ఫోటోలు స్ట్రీట్ వ్యూలో ఒకసారి చూసుకోండి, ఆ మేడ ఇంకా ఉందో లేదో తెలుస్తుంది. ఆ ఊళ్ళో జాజ్ కోసమే 1994లో ఏర్పాటైన నేషనల్ పార్కు ఒకటుంది, వాళ్ళు ఉచితంగా కార్యక్రమాలు పెడుతుంటారు. వేళలు కనుక్కుని ముందు అక్కడికి వెళ్ళండి. పెద్దవాళ్ళతో వెళ్తుంటే మరీ ముఖ్యం. టిప్పు విషయంలో నేను సలహా ఇచ్చే స్థితిలో లేను.

అన్నట్టు, ఆ అయిదు నక్షత్రాలు ఇందాకే ఒకటికి మార్చాను. "మీ సమీక్ష పరిశీలనలో ఉంది" అని వస్తోంది.