విశాఖలో బీచ్ కంటే ముందు హార్బర్ చూడండి

విశాఖ వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లలో ఫొటోలు దాదాపు ఒకటే వరసలో ఉంటాయి. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి మీద శివపార్వతులు, ఆపైన అరకు. మావయ్యగారి పుణ్యమా అని మేం ఈసారి ఊరిని రెండో వైపు నుంచి చూశాం. ఆయన రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. "బొగ్గు బళ్లూ ఎరువుల బళ్లూ ఎన్నిటికి జెండా ఊపానో. అవి లోడయ్యే రేవు మాత్రం ఇంతవరకూ చూళ్లేదమ్మా" అన్నారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. కాబట్టి ఇక్కడ రాసేదంతా మెట్లు లెక్క చూసుకుని తిరిగినవాళ్ల అభిప్రాయం.

ముందు బస సంగతి. విశాఖలో ఎక్కడ దిగాలన్నదాన్ని బట్టే మిగతా ఖర్చంతా ఉంటుంది. ఋషికొండ వైపు కొండవాలు మీద ఒక రిసార్టులో మొదట దిగాం. బాల్కనీలోంచి సముద్రం చూస్తుంటే లేవబుద్ధి కాదు, అది ఒప్పుకోవాలి. కానీ గది నుంచి భోజనాల హాలుకే బోలెడు మెట్లు, లిఫ్టు లేదు, గీజరు ఒక పూట పనిచేస్తే ఒక పూట లేదు. పైగా ఊళ్లోకి ఏ పని మీద వెళ్లినా ఆటో కావలసిందే. ఊరికే కూర్చుని సముద్రం చూడ్డానికి వచ్చిన కొత్త దంపతులకు బాగుంటుందేమో. ఊరు చూడాలనుకునేవాళ్లకు కాదు.

తర్వాత డాబాగార్డెన్స్ దగ్గర మామూలు లాడ్జికి మారాం. సముద్రం కనిపించదు, గోడలకు అందం లేదు. కానీ లిఫ్టు ఉంది, వేడినీళ్లు వచ్చాయి, కింద సందులో పొద్దున్నే పెసరట్టు ఉప్మా దొరికింది. స్టేషనూ, ఆర్టీసీ కాంప్లెక్సూ, పాతూరూ, బీచ్ అన్నీ దగ్గరే. రిసార్టులో ఒక రాత్రి అద్దెకు ఇక్కడ రెండు రాత్రులు ఉండొచ్చు. పాతూరులో, రేవుకు మరీ ఆనుకుని మాత్రం గది తీసుకోవద్దు. గాలి అటు నుంచి వీస్తే కిటికీ అంచు మీద వేలు పెట్టగానే నల్లటి పొడి అంటుతుంది. బొగ్గు, ఖనిజం ధూళి గురించి అక్కడివాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు.

ఇక రేవు. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఒకప్పుడు ఉన్నది ఉప్పుటేరు, బురద, మడచెట్లు. దాన్ని తవ్వి లోతు చేసి 1933లో ఓడలు రానిచ్చారు. దక్షిణం నుంచి డాల్ఫిన్ నోస్ కొండ అలలకు అడ్డం నిలబడింది కాబట్టి ఆ చోటు పనికొచ్చింది. ఆ చోటుకు అసలు శత్రువు ఇసుక. నైరుతి రుతుపవనాల కాలంలో ఒడ్డు వెంబడి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది, ముఖద్వారాన్ని పూడ్చేస్తుంది. దాన్ని ఆపడానికి రెండు పాత ఓడలను కొండ దగ్గర ముంచేసి అడ్డుకట్ట చేశారు. 1970లలో పెద్ద ఓడల కోసం ఔటర్ హార్బర్ కట్టి, రాతి గోడలు సముద్రంలోకి ఇంకా ముందుకు తెచ్చారు.

అలా ఆగిపోయిన ఇసుక ఎక్కడికి చేరాలి? ఆర్కే బీచ్‌కి. అటు రావలసింది రాకపోయేసరికి అక్కడి ఒడ్డు కోసుకుపోతుంటుంది. అందుకని రేవు దగ్గర పోగైన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి, గొట్టాల్లో బీచ్ వైపు పోస్తుంటారు. చెప్పులు చేత్తో పట్టుకుని సాయంత్రం మనం నడిచే ఇసుకలో కొంత అలా వచ్చిందే! ఇది తెలిశాక నాకు ఆ బీచ్ వేరేగా కనిపించింది. మావయ్యగారికైతే సంబరం. గూడ్స్ బండిలాగే ఇసుకకూ లోడింగ్, అన్‌లోడింగ్ ఉన్నాయన్నమాట అని రోజంతా అదే మాట.

రేవును చూడ్డానికి అందరికీ అందే చోటు రాస్ హిల్. పాతూరులో కోటవీధి దాటి వెళ్లాలి. మా ఆటో అబ్బాయి ముందే నిరుత్సాహపరిచాడు: "అటేపు ఏటుందండీ బాబూ, బొగ్గు తప్ప? బీచికెల్లండి, సల్లగా ఉంటాది." పక్కపక్కనే మూడు గుట్టలు. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. చర్చి గుట్ట ఎక్కితే కిందే ఓడలు వచ్చే కాలువ, దానికి ఆవల డాల్ఫిన్ నోస్. మేమున్నంతలో ఒక బల్క్ క్యారియర్‌ను, అంటే బొగ్గూ ఖనిజమూ లాంటి సరుకు మోసే ఓడను, టగ్గులనే చిన్న పడవలు లోపలికి తీసుకొచ్చాయి. అంత పెద్ద ఓడ అంత ఇరుకు దారిలో మన కాళ్ల కిందనుంచి వెళుతున్నట్టే ఉంటుంది. పైన ఉన్న సిబ్బంది మొహాలు కూడా కనిపించాయి. దీనికి టికెట్ లేదు, తినుబండారాల కొట్లు లేవు, నీడ కూడా తక్కువే. పొద్దున్న తొమ్మిదిలోపు వెళ్లడం మంచిది, నీళ్లు వెంట ఉంచుకోండి. అత్తయ్యగారు కింద ఆగిపోయి, దర్గా దగ్గర పూలమ్మే ఆవిడతో కబుర్లలో పడ్డారు. ఆ దర్గాలోని ఔలియాకు, అంటే ముస్లిం మహాత్ముడికి, వచ్చీపోయే ఓడలు జెండా దించి సలాం చేసేవట ఆ రోజుల్లో. మేం ఎక్కి చూసినదానికంటే ఆవిడ కూర్చుని విన్నదే ఎక్కువని నా అనుమానం.

అక్కడికి దగ్గర్లోనే ఫిషింగ్ హార్బర్. తెల్లవారుజామునే వెళ్లాలి, ఎండెక్కితే వాసన తప్ప ఏమీ మిగలదు. బోట్లు జెట్టీకి ఆనగానే గంపలు దిగుతాయి, వేలం మొదలవుతుంది. ఎవరు ఎంతకు పాడారో బయటివాళ్లకు అంతుబట్టదు. వంజరం, చందువ, సొర్ర, కానాగడతలు, రొయ్యలు, ఏ గుట్టకు ఆ గుట్ట. కొనడం, బేరమాడడం, కోసివ్వడం చాలా వరకు ఆడవాళ్ల చేతుల్లోనే. 2023 నవంబరులో ఒక రాత్రి ఇక్కడ మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. ఫొటో తీసేముందు అడగండి. పనికి అడ్డొస్తే వాళ్లు మొహమాటపడరు, మొహమాటపడాల్సిన అవసరమూ లేదు. నేల తడి, చేపపొలుసు, ఐసు ముక్కలు. రబ్బరు చెప్పులైతేనే దిగండి.

సబ్‌మెరైన్ మ్యూజియం గురించి రెండు ముక్కలు. ఐఎన్ఎస్ కుర్సురా 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటేడు బీచ్ మీద మ్యూజియమైంది. లోపల చూపించేవాళ్లలో నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లున్నారు, ఆ మాటల కోసమే వెళ్లొచ్చు. అన్నిసార్లూ గుండ్రటి తలుపుల్లోంచి వంగి కాలు ఎత్తి దాటాలి. మోకాళ్లు, నడుము బాగాలేనివాళ్లకు కష్టం. వాళ్లకు రోడ్డుకు అటువైపున్న టీయూ-142 విమానం మ్యూజియమే మేలు. సోమవారం సెలవు, మర్చిపోవద్దు. ఆదివారం సాయంత్రమైతే క్యూ చూసి వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ.

యారాడకు వెళ్లేది బీచ్ కోసం కాదు, దారి కోసం. మల్కాపురం, సింధియా మీదుగా వెళితే ఒక పక్క రిఫైనరీ గొట్టాలు, ఒక పక్క షిప్‌యార్డు క్రేన్లు. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్‌కు చెందిన సింధియా ఓడల కంపెనీ మొదలుపెట్టిన ఆ యార్డులోనే 1948లో 'జల ఉష' అనే ఓడ నీళ్లలోకి దిగింది, నెహ్రూ చేతుల మీదుగా. నౌకాదళం స్థలాలున్నాయి కాబట్టి కెమెరా లోపలే ఉంచుకోవాలి. ఆపైన ఘాట్ ఎక్కి దిగగానే మూడు వైపులా కొండలు, పచ్చగా కొబ్బరితోటలు, ఎదురుగా సముద్రం. దిగి ఈదడానికి పనికొచ్చే సముద్రం కాదది, అలలు లోపలికి లాగేస్తాయి. తీరా తిరిగొచ్చేటప్పుడు ఆటోలు దొరకవు. రానూపోనూ కలిపి ముందే మాట్లాడుకోండి, అక్కడ ఆగే సమయం కూడా లెక్క కట్టించుకోండి.

అరకు రైలుకు విస్టాడోమ్ (అద్దాల బోగీ) టికెట్ దొరక్కపోతే బాధపడకండి. మావయ్యగారు మామూలు బోగీలోనే కిటికీకి అతుక్కుపోయారు. ఈ కొత్తవలస-కిరండూల్ లైను వేసిందే బైలదిలా ఇనుప ఖనిజాన్ని ఈ రేవుకు దింపి జపాన్‌కి పంపడానికి. పర్యాటకులు తర్వాత వచ్చారు. ఎదురుగా ఖనిజం బండి దిగుతుంటే మన బండిని పక్కన నిలబెట్టేస్తారు. అందరూ విసుక్కుంటే ఆయన మాత్రం వ్యాగన్లు లెక్కపెట్టారు. బొర్రా గుహల్లో మెట్లు తడిగా ఉంటాయి. అత్తయ్యగారు స్టేషన్ దగ్గరే బొంగులో చికెన్ రుచి చూసి, మాకంటే ఆవిడే లాభపడ్డారు.

కైలాసగిరికి రోప్‌వే ఉంది, పిల్లలకు సరిపోతుంది. భీమిలి రోడ్డు మాత్రం తప్పకండి. ఎడం పక్క కొండ మీద తొట్లకొండ బౌద్ధక్షేత్రం, చివర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు. సిటీ బస్సులు ఉన్నాయి, మేం ఎక్కినవాటిలో కండక్టర్లు ఓపిగ్గా చెప్పారు. ఆటోలవాళ్లు కొత్త మొహం చూస్తే రెట్టింపు అడుగుతారు. యాప్‌లో ధర ముందు చూసుకుని మాట్లాడితే దారికొస్తారు.

తిరుగు టికెట్ తీసుకునేటప్పుడు ఒక్కటి చూసుకోండి. విశాఖ స్టేషన్లోకి వచ్చిన రైలు ముందుకు పోవాలంటే చాలావాటికి ఇంజను అటు నుంచి ఇటు మార్చాలి. అందుకే హౌరా-చెన్నై దారిలో కొన్ని బళ్లు అసలు ఊళ్లోకి రాకుండా దువ్వాడలో ఆగి వెళ్లిపోతాయి. టికెట్ మీద దువ్వాడ అని ఉంటే డాబాగార్డెన్స్ నుంచి గాజువాక ట్రాఫిక్ దాటుకుని వెళ్లాలి. సాయంత్రం పూట గంటన్నర చేతిలో ఉంచుకుని బయల్దేరండి.