సీబీసీనా, సీడీ169నా?

జ్వరం వైరస్‌దేనా అని తేల్చుకోవడానికి ఈ రెండు రక్తపరీక్షల్లో ఏది మేలు? ఒడిశాలోని రాయగడలో మా పిన్నికి మూడు రోజులైనా జ్వరం దిగలేదు. ల్యాబ్ అబ్బాయి ఊదా మూత గొట్టంలో రక్తం తీసి, గడ్డకట్టకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పాడు. "ఇది వైరసేనా బాబూ?" అంది పిన్ని. ఆ మాట సీబీసీ, అంటే మామూలు రక్తకణాల లెక్క పరీక్ష, గట్టిగా చెప్పలేదు.

సీబీసీ కణాలను లెక్కపెడుతుంది, అంతే. డెంగీలో తెల్లకణాలు మైక్రోలీటరు రక్తంలో 4,000 కంటే తగ్గొచ్చు, ప్లేట్‌లెట్లూ పడిపోవచ్చు. కోవిడ్ ముదిరినవాళ్లలో లింఫోసైట్లనే తెల్లకణాలు తగ్గి న్యూట్రోఫిల్స్ అనే మరో రకం పెరగడం 2020లోనే డాక్టర్లు గమనించారు.

సీడీ169 సంగతి వేరు. వైరస్ చొరబడితే ఒళ్లు ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ వదులుతుంది. దాని ప్రభావంతో మోనోసైట్లనే తెల్లకణాల పైపొర మీద సీడీ169 అనే ప్రోటీన్ పెరుగుతుంది. బ్యాక్టీరియా జ్వరాల్లో సాధారణంగా అంత పెరగదు. కాబట్టి "వైరసేనా?" అన్న ప్రశ్నకు ఇదే దగ్గరి జవాబు. కానీ ఏ వైరసో చెప్పదు, పైగా లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) ఉన్నవాళ్లలోనూ ఎక్కువగానే కనిపిస్తుంది. తీవ్రత తెలియాలంటే హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే మరో ప్రోటీన్‌ను కూడా చూడాలి. మోనోసైట్ల మీద అది బాగా పడిపోయిందంటే రోగనిరోధక శక్తి చతికిలబడుతోందని అర్థం.

ఈ రెండు ప్రోటీన్లు చూడాలంటే కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో పరీక్షించే ఫ్లో సైటోమీటర్ ఉండాలి, రక్తం తాజాగా ఉండాలి. మన గొట్టాన్ని విశాఖ రైలెక్కించి జవాబు కోసం ఎదురుచూసే టెన్షన్ ఎవరికి కావాలి? రోజూ సీబీసీ చేయించి, అంకెలు ఎటు పోతున్నాయో డాక్టరుకు చూపించడమే నాకు నయమనిపిస్తుంది. మా వైపు మలేరియా పరీక్ష ఎలాగూ తప్పదు. సీబీసీ, సీడీ169లలో ఏదీ దానికి బదులు కాదు.