‘దూడ తాగాకే పాలు’ అంటూ అడ్వాన్స్ అడుగుతున్నారా? ముందు దూడల్ని లెక్కపెట్టండి

హైదరాబాద్ శివార్ల నుంచి గాజు సీసాల్లో పాలు తెచ్చి గుమ్మం ముందు పెట్టే ఒక సబ్‌స్క్రిప్షన్ డెయిరీకి మూడు నెలల డబ్బు ముందే కట్టి చాలామంది ఇరుక్కున్నారు. ప్రకటనలో అన్నీ ఉన్నాయి: ‘దూడ కడుపు నిండాకే పితుకుతాం’, ‘హింస లేని పాలు’, ‘ఏ2’ (పాలలోని ప్రొటీన్‌లో ఒక రకం). తీరా షెడ్డుకు వెళ్లి చూస్తే నలభై దాకా పాడి గేదెలు, నాలుగైదు దూడలు. మిగతావేవని అడిగితే ‘వేరే ఫామ్‌లో ఉన్నాయి’ అన్నారు. అదెక్కడో చెప్పరు. డబ్బు వాపసు ఇవ్వమంటే, వాలెట్‌లో పడ్డది పాల కింద వాడుకోవాల్సిందేనట. ఇలాంటి డెయిరీ ఇదొక్కటే కాదు. అందుకే పేరు పక్కనపెట్టి, ఎలా పట్టుకోవాలో రాస్తున్నాం.

గేదె ఈనితేనే పాలు. ఈనాక సుమారు పది నెలలు ఇస్తుంది. అంటే ఈరోజు పాలిస్తున్న ప్రతి గేదెకూ గత పది నెలల్లో ఒక దూడ పుట్టి ఉండాలి. 40 గేదెలుంటే 40 దూడలు, అందులో ఇంచుమించు సగం దున్నదూడలు. పెద్దవాటిని అమ్మేశామన్నా, మూడు నెలల లోపువి పది పన్నెండైనా కళ్లకు కనిపించాలి. రోగాలకు కొన్ని పోతాయి, నిజమే. కానీ నూటికి పది దాటి పోతున్నాయంటే అది సరిగా చూడకపోవడమే. ‘మేం సెక్స్‌డ్ సెమెన్ (ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం) వేయిస్తాం, దున్నలు పుట్టవు’ అని కొందరు తెలివిగా చెబుతారు. ఆ వీర్యంతో నూటికి తొంభై దాకా పెయ్యలే పుడతాయి, అదీ నిజమే. మరి ఆ పెయ్యలేవి? ఆ వీర్యం ఎక్కించిన తేదీలు రాసుకున్న రిజిస్టరు చూపించమనండి, మాట అక్కడే ఆగిపోతుంది.

దూడలు ఎందుకు మాయమవుతాయో లెక్క వేస్తే తెలుస్తుంది. దూడకు రోజుకు దాని బరువులో పదో వంతు పాలు కావాలి. 30 కిలోల దూడకు మూడు లీటర్లు. లీటరు వంద రూపాయలకు అమ్మేవాడికి అది రోజుకు 300, నెలకు 9,000. సగటు ముర్రా గేదె రోజుకు ఇచ్చేది ఆరు లీటర్ల చుట్టూనే, అంటే సగం పాలు దూడకే పోతాయి. దున్నదూడను పెంచి అమ్మినా ఆ డబ్బు తిరిగి రాదు. దాన్ని వదిలించుకోవడానికి ఎవరూ చంపనక్కర్లేదు. పుట్టిన గంటా రెండు గంటల్లో పట్టాల్సిన జున్నుపాలు పట్టకుండా, తర్వాత అరకొరగా తాగనిస్తే చాలు, పారుడు పట్టుకుని అదే పోతుంది. నిజంగా దూడకు వాటా వదిలే డెయిరీ పాలు కాస్త ఖరీదే ఉంటాయి. ఖరీదు మాత్రం తీసుకుని వాటా వదలని డెయిరీలతోనే గొడవ.

‘దూడ తాగాకే’ అన్న మాట పూర్తి అబద్ధం కూడా కాదు, అదే దాని గడుసుదనం. పాలు తీసే వేళకు వెళ్లి చూడండి. దూడను వదులుతారు. అది మూతితో పొదుగును కుమ్ముతుంది, కాసేపట్లో గేదె చేపుతుంది (పాలు కిందికి వదులుతుంది), చన్నులు నిండి బిగుస్తాయి. సరిగ్గా అప్పుడే పలుపు పట్టి లాగి దూడను తల్లి ముందు కట్టేస్తారు. తల్లి దాన్ని నాకుతూ ఉంటే పాలు పితుకుతారు. దూడకు దక్కింది నాలుగు గుక్కలు. ఒక చన్ను వదిలేస్తున్నారా, చివర్లో మళ్లీ దూడను వదులుతున్నారా అన్నదే గమనించండి. దూడ ఒంటిని కూడా చూడండి. పక్కటెముకలు తేలి, పొట్ట మాత్రం ఉబ్బి, వెంట్రుక గరుకుగా ఉంటే ఆకలి, కడుపులో పాములు రెండూ ఉన్నట్టే. గేదెదూడకు ఏలికపాములు తల్లిపాల నుంచే వస్తాయి, మొదటి మందు రెండో వారంలోపే పడాలి. మట్టి నాకుతోందని మూతికి చిక్కం కట్టేసే చోటికి ఇక వెళ్లనక్కర్లేదు.

దూడ లేకుండానే చేపుతున్నాయంటే వెంటనే ఆక్సిటోసిన్ (పాలు చేపించే హార్మోన్) సూది అనుమానం వద్దు. పొదుగు కడిగి, దాణా పెట్టి, మొదటి ఈత నుంచే అలవాటు చేస్తే గేదె దూడ లేకపోయినా చేపుతుంది, సంకరజాతి ఆవులైతే మరీ సులువు. సూది పెట్టే చోట ఆనవాళ్లు వేరు: లేబుల్ లేని ప్లాస్టిక్ సీసా, గూట్లో సిరంజి, మనిషి దగ్గరికి రాగానే మెడ విదిలించే పశువులు, మెడ మీదో తొడ మీదో గడ్డలు. ఆక్సిటోసిన్‌కు అలవాటు పడ్డ గేదె సూది లేనిదే చేపదు. ఆ పాలు తాగితే ఆడపిల్లలు త్వరగా పెద్దమనుషులవుతారన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. ఆ మందు ప్రొటీన్ ముక్కలాంటిది, కడుపులో అరిగిపోతుంది. బాధ పశువుది. పాల కోసం హాని చేసే మందు ఎక్కించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఇంకో ప్రశ్న తప్పక వేయండి: వట్టిపోయినవి, చూడివి ఎక్కడున్నాయి? ఈనించి పెంచుకునే మందలో ఎప్పుడు చూసినా నాలుగో వంతుకు తక్కువ కాకుండా పాలివ్వనివి ఉంటాయి. అన్నీ పాలిచ్చేవే ఉన్నాయంటే, హర్యానా నుంచి ఈనిన గేదెల్ని తేవడం, పాలు తగ్గగానే సంతకు తోలడం, ఇదే వ్యాపారం.

ఇక ముద్రల సంగతి. ఆకుపచ్చ చుక్క, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఆహారానికి సంబంధించినవి, పశువును ఎలా చూస్తున్నారో చెప్పవు. ఏ2 కూడా అంతే. గేదెపాలు ఎలాగూ ఏ2 రకమే, ‘ఏ2 గేదెపాలు’ అని పది రూపాయలు ఎక్కువ తీసుకోవడం హాస్యం. ఒంగోలు ఆవుపాలంటే మరో లెక్క: సగటు ఆవు రోజుకు ఇచ్చేది మూడు నాలుగు లీటర్లే. 30 ఆవులు చూపించి ఊరంతా పంచుతున్నారంటే మిగతా పాలు ఎక్కడివో అడగండి.

‘గాలికుంటు (పశువులకు అంటుకునే జబ్బు) వస్తుంది, లోపలికి రానివ్వం’ అంటే అది సబబైన జాగ్రత్తే కావచ్చు. గేటు దగ్గర కాళ్లు ముంచే మందునీళ్లు ఉన్నాయా? లేకపోతే అది సాకు. సాయంత్రం మూడు నాలుగింటికి, చెప్పకుండా వెళ్లండి. నీళ్ల తొట్టి, మోకాళ్ల వాపు, పెరిగిపోయిన గిట్టలు, పేడ అట్టలు కట్టిన తొడలు బయట నిలబడ్డా కనిపిస్తాయి. ఒక్కో గేదెకు కప్పు కింద నాలుగు చదరపు మీటర్ల చోటైనా ఉండాలి.

వారం డబ్బుకు మించి ముందు కట్టొద్దు. ప్రకటన స్క్రీన్‌షాట్, సీసా మీది లేబుల్ ఫొటో, చెల్లింపు రసీదు దాచుకోండి. ‘క్రూయెల్టీ ఫ్రీ’ లాంటి మాటలు ఆధారం లేకుండా వాడకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని చూపిస్తూ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు, వాపసు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. పశువు దెబ్బతిని, జబ్బుపడి కనిపిస్తే రెండు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.