నైట్రోజన్ కావాలంటే ఏది వేడి చేయాలి: నైట్రైటా, అజైడా, డైక్రోమేటా?

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే సెకండ్ పీయూ (మన ఇంటర్ సెకండియర్) పిల్లలు ఏటా ఇదే అడుగుతారు. మొన్న అనంతపురం అమ్మాయి ఒకతి మళ్లీ అడిగింది: "సార్, మూడింట్లోనూ వచ్చేది నైట్రోజనే కదా, అజైడ్‌దే ఎందుకు బాగా ప్యూర్ అంటారు?"

నా లెక్కలో చూడాల్సింది ఒక్కటే, గ్యాస్‌తో పాటు గొట్టంలోకి ఇంకేం ఎక్కుతోందని.

అమ్మోనియం క్లోరైడ్, సోడియం నైట్రైట్ ద్రావణాలు కలిపి వేడి చేస్తే ఉప్పు ఫ్లాస్కులోనే ఉండిపోతుంది గానీ నీటి ఆవిరి, దాంతో పాటు కాస్త నైట్రిక్ ఆక్సైడ్, నైట్రిక్ ఆమ్లం కూడా బయల్దేరతాయి, అందుకే గ్యాస్‌ని పొటాషియం డైక్రోమేట్ కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లంలోంచి పంపిస్తాం. నేరుగా అమ్మోనియం నైట్రైట్‌నే వేడి చేయొచ్చుగా అంటారు కొందరు. అది నిలవుండే సరుకు కాదు, పేలుతుంది.

బేరియం అజైడ్‌కి ఈ గొడవ లేదు. ఫార్ములా చూడండి, బేరియం, నైట్రోజన్, అంతే. హైడ్రోజన్ లేదు కాబట్టి నీరు రాదు, ఆక్సిజన్ లేదు కాబట్టి ఆక్సైడ్లు పుట్టే దారే లేదు. లోహం అడుగున మిగిలిపోతుంది, గ్యాస్ ఒక్కటే పైకొస్తుంది. సోడియం అజైడూ అంతే, 130 గ్రాములకి ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర 67.2 లీటర్ల గ్యాస్, ఒకప్పుడు కార్ల ఎయిర్‌బ్యాగుల్లో పెట్టింది ఇదే. కానీ ఒట్టి విషం, పైగా మిగిలింది సింకులో పోస్తే రాగి, సీసం గొట్టాల్లో పేలే అజైడ్లు తయారవుతాయి. కాబట్టి పరీక్షలో అజైడ్ రాయండి, ల్యాబ్‌లో మాత్రం నా ఓటు నైట్రైట్‌కే. దాని మురికి కడిగితే పోయే మురికి.

గాలిలోంచి ఆక్సిజన్ తీసేస్తే చాలదా అంటే, చాలదు, ఆర్గాన్ అనే ఇంకో వాయువు అందులో మిగులుతుంది. అలా తీసిన నైట్రోజన్ రసాయనాల్లోంచి వచ్చినదానికన్నా ఓ అర శాతం బరువు తూగుతోందని ఇంగ్లిష్ శాస్త్రవేత్త రేలీ పట్టుకోబట్టే 1894లో ఆర్గాన్ బయటపడింది.

ఇక మూడోది, అమ్మోనియం డైక్రోమేట్, గ్యాస్ కోసం కాదు, చూడ్డానికి. అగ్గిపుల్ల అంటించగానే నారింజ రంగు పొడి కుప్ప బుసబుసా పొంగి, టీ ఆకుల్లాంటి ఆకుపచ్చ పొట్టు బల్లంతా ఎగిరిపడుతుంది. మేం చదువుకునేటప్పుడు ఆ పొట్టుని ఉత్త చేతుల్తో న్యూస్‌పేపర్‌లోకి ఎత్తేవాళ్లం. కాలకుండా మిగిలిన నారింజ పలుకుల్లో క్యాన్సర్ తెచ్చే క్రోమియం ఉంటుందని మాకప్పుడు ఎవరూ చెప్పలేదు.