ఏనుమాముల యార్డులో నాలుగేళ్లు తిరిగిన ల్యాప్‌టాప్: నా సమీక్ష

2021లో కొన్న ల్యాప్‌టాప్ ఇది. ఇంటెల్ పదకొండో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. నా పని వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణాలకు లెక్కలు రాయడం, జీఎస్టీ రిటర్నులు వేయడం. కాబట్టి గేములు ఎలా ఆడుతుందో నన్ను అడగకండి. ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు ఒకేసారి నడిపినా ఎప్పుడూ నసపెట్టలేదు. పక్కన నంబర్ ప్యాడ్ ఉండటం మాలాంటివాళ్లకు పెద్ద వరం. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. నేను పడ్డ తలనొప్పి ఏ కంపెనీ మిషిన్‌కైనా వచ్చేదే.

ఆ తలనొప్పి స్టార్టప్ క్రాష్, అంటే ఆన్ చేసేటప్పుడే కూలబడటం. నెలలో మాకు రెండు తేదీలు ముఖ్యం. అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1కు 11, పన్ను లెక్క చూపే 3బీకి 20. ఆ తేదీలు దగ్గరపడ్డప్పుడు ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

మొదట వచ్చింది చిన్న గొడవే. ఒక అప్‌డేట్ పడ్డాక, రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేస్తే కంపెనీ గుర్తు కింద చుక్కలు తిరిగి తిరిగి ఆగిపోయేవి. రీస్టార్ట్ కొడితే మాత్రం చక్కగా లేచేది. ఈ తేడాలోనే జవాబు ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నది పూర్తి షట్‌డౌన్ కాదు. సిస్టమ్ భాగాన్ని డిస్క్ మీద దాచిపెట్టి పడుకుంటుంది, పొద్దున దాన్నే మళ్లీ తెచ్చుకుంటుంది. ఏదైనా డ్రైవర్ (మిషిన్‌లోని ఒక్కో భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్) ఆ లేపడానికి సరిగ్గా లేవకపోతే గొడవ అక్కడే. రీస్టార్ట్ మాత్రం అన్నీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేశాను, పోయింది. ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకు దానివల్ల దక్కేది కొద్ది సెకన్లే. నేను మళ్లీ ఆన్ చేయలేదు.

అసలు సినిమా మూడో ఎండాకాలంలో మొదలైంది. మిర్చి సీజన్ నడుస్తోంది. ఆన్ చేయగానే నీలం తెర, ఏడుపు ముఖం, దానంతటదే రీస్టార్ట్, మళ్లీ నీలం తెర. (విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఆ తెరను నల్లగా మార్చారు, ఏడుపు ముఖం కూడా తీసేశారు. మన ఏడుపు మాత్రం మారదు.) దగ్గర్లోని షాపుకు తీసుకెళ్తే అతను మిషిన్ మూత కూడా తెరవకుండా, "విండోస్ ఎగిరిపోయింది సార్, ఫార్మాట్ కొడ్తే సెట్ అయితది" అన్నాడు. డేటా బ్యాకప్ ఉంది కాబట్టి సరేనన్నాను. ఫార్మాట్ అయింది, డబ్బులు తీసుకున్నాడు, కొద్దిరోజులు బాగానే నడిచింది. తర్వాత అదే కథ.

మన దగ్గర చాలా షాపుల్లో ఏ రోగానికైనా ఫార్మాటే మందు. నాకు అక్కడే ఒళ్లు మండుతుంది. నీలం తెర కింద ఏ లోపమో చెప్పే ఒక స్టాప్ కోడ్ ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? నేను తీసి పెట్టుకున్నవాటిలో ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, మరోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. ప్రతిసారీ ఒకటే కోడ్ వస్తే ఏదో ఒక డ్రైవర్‌ను అనుమానించవచ్చు. ఇలా రోజుకో పేరు చెబుతుంటే మాత్రం ముందు ర్యామ్ వైపు చూడాలి.

ఇంకో ఆనవాలు సేఫ్ మోడ్, అంటే తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర దగ్గరే ఆగిపోయాయి, మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అప్పుడు చాలా మిషిన్లను సేఫ్ మోడ్‌లోకి తీసుకెళ్లి, ఆ ఒక్క ఫైలు తీసేసి బాగుచేశారు. అంటే జబ్బు సాఫ్ట్‌వేర్‌ది. నా మిషిన్ సేఫ్ మోడ్‌లో కూడా కూలబడింది. స్టార్ట్ అవుతున్నప్పుడే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయడం రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ మెనూ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 నొక్కాలి. అక్కడ కూడా నీలం తెర వచ్చిందంటే స్క్రూడ్రైవర్ వెతుక్కోవాల్సిందే.

ఒక జాగ్రత్త చెబుతాను. ఎవరినైనా బయోస్ సెట్టింగ్స్ (విండోస్ కంటే ముందు లేచే సాఫ్ట్‌వేర్‌వి) ముట్టుకోనిచ్చే ముందు, డిస్క్‌కు విండోస్ వేసే తాళమైన బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోండి. 48 అంకెలుంటుంది, మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. ఆ కీ లేకపోతే డిస్క్ ఎంత బాగున్నా లోపలి డేటా మీకు అందదు.

హన్మకొండ చౌరస్తా దగ్గర ఇంకో షాపుకు వెళ్లాను. ఆ అబ్బాయి అడుగు మూత విప్పి, ఫ్యాన్ దగ్గర బ్రష్ పెట్టగానే రెండు తుమ్ములు తుమ్మాడు. "అన్నా, ఇది మిర్చి యార్డుల తిరిగిన మిషిన్ కదా?" అన్నాడు. ఫ్యాన్ రెక్కల మీద, వేడి బయటికి వచ్చే జాలీకి ఎర్రటి పొర అట్టకట్టి ఉంది. గింజ తొక్కలు కూడా ఉన్నాయి. ర్యామ్ ఊడదీసి, బంగారు పిన్నులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, తుడిచి మళ్లీ పెట్టాడు. లేచింది! కానీ వేసవి ముదిరాక మళ్లీ మొదటికొచ్చింది.

అప్పుడతను చేసిన పని నాకు నచ్చింది. విండోస్‌లోనే ఉన్న మెమరీ పరీక్ష ఏ లోపమూ లేదంది. దాన్ని నమ్మకుండా పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 వేసి రాత్రంతా నడిపాడు. తెల్లారేసరికి తెర నిండా ఎర్ర గీతలు. ఈ మోడల్‌లో 4 జీబీ బోర్డుకే అతికించి ఉంది, ఇంకో 4 జీబీ స్లాట్‌లో ఉంది. స్లాట్‌లోది తీసేసి మళ్లీ నడిపితే ఒక్క తప్పూ రాలేదు. పోయింది స్లాట్‌లోదే, నా అదృష్టం. బోర్డుకు అతికించినది పోయి ఉంటే మదర్‌బోర్డు దాకా వెళ్లేది ఖర్చు. కొత్తది 8 జీబీ వేయించాను, అప్పట్లో రెండు వేలలోపే వచ్చింది. ఇప్పుడు ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, అడిగి తెలుసుకోండి.

అప్పటి నుంచి నీలం తెర చూడలేదు. మొత్తం 12 జీబీ అయ్యాక ట్యాలీ పెద్ద ఫైళ్లు కూడా చకచకా తెరుచుకుంటున్నాయి. సీజన్ అయిపోగానే ఫ్యాన్ శుభ్రం చేయిస్తున్నాను. యార్డులో దాన్ని బస్తా మీద కాకుండా బల్ల మీదే పెడుతున్నాను.

బ్యాటరీ ఇప్పుడు గంటన్నరకు మించి రావడం లేదు, ఎడమ పక్క మూత కీలు (హింజ్) కిర్రుమంటోంది. నాలుగేళ్లకు అది మామూలే. ఈ తరహా మోడల్ పాతది కొనాలనుకుంటే, అమ్మేవాడు ఆన్ చేసి చూపించే డెస్క్‌టాప్ చూసి డబ్బు ఇవ్వకండి. అడుగు మూత విప్పి స్లాట్ ఉందో లేదో చూడండి, కుదిరితే ఒక రాత్రి మెమ్‌టెస్ట్ నడపనిమ్మని అడగండి.